దారమంత నీరు

నేను పందెం వెయ్యను.
చచ్చిన పడవల్ని ఒడ్డుకు తెచ్చే పని నాది.
సెగెద్ ఊరి చివర, కంకర తవ్వేసిన గుంటలో
ఊరిన చెరువు. అందులో నా తెడ్ల దోనె,
ఒక పొడుగు కర్ర, ఒక వల.
ఆదివారాలు నా పేరు కోర్నేల్ కాదు,
"ఓయ్, అదిగో, ఆగిపోయింది!"
చేతులు కాలాక పట్టుకునే ఆకులుంటాయే,
వాటిని నేనే.

మూరెడు పడవలు. బ్యాటరీతో నడుస్తాయి.
రిమోట్లు పొట్టకు ఆనించుకుని
ఒడ్డున అందరూ వేగం చూస్తారు.
పిరోష్కా మాత్రం
పడవ కుడి పక్క నుంచి చిమ్మే
నీటి దారం చూస్తుంది.

ఊరి ఇళ్ళకు చలికాలం వేడినీళ్ళు పంపే కేంద్రంలో
ముప్పై ఏళ్ళు గొట్టాల మధ్య గడిపిన మనిషి.
వేడి ఆమెకు మొండి చుట్టం:
"రావద్దంటే మానదు. వస్తే రానీ.
కూర్చోనివ్వకు.
పెరటి తలుపు తీసి ఉంచు."

చుక్కాని అంచున అగ్గిపుల్ల పట్టేంత బెజ్జం.
పడవ పరుగెత్తితే చెరువే తోసుకుని లోపలికొస్తుంది,
సిలికాన్ గొట్టంలోంచి కంట్రోలర్‌ని తడిమి,
మోటారు నడుము చుట్టూ తిరిగి,
ఆ సెగను మోసుకుని పక్కనుంచి దూకేస్తుంది.
పంపు లేదు.
పడవ ఆగితే నీళ్ళూ ఆగుతాయి.
అందుకే పందెం అయ్యాక సగం వేగంలో ఒక చుట్టు,
పరుగెత్తిన గుర్రాన్ని నడిపించినట్టు.

ఇవన్నీ జోంబోర్‌కి తెలుసు.
పంతొమ్మిదేళ్ళకు తెలియనిదేముంది.
నలభై మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ విప్పి
నలభై నాలుగు బిగించాడు.
మే నెల. పోప్లర్ చెట్లు దూది విదిలిస్తున్నాయి,
నీళ్ళ మీద, మా టోపీల మీద, బీరు గ్లాసుల్లో.

మొదటి చుట్టు: మెరుపు.
రెండో చుట్టు: దారం సన్నబడింది.
మూడో చుట్టు: దారం కాదు, చుక్కలు.
"ఆపు," అంది పిరోష్కా.
"ఇంకొక్క చుట్టు," అన్నాడు వాడు.
ఆ ఒక్క చుట్టులో
చెరువు మధ్య నీలం పొగ లేచింది.

నేను తెడ్లు వేసేసరికి అది బోర్లా తేలుతోంది.
వలలోకి లాగితే అడుగు ఇంకా వెచ్చగా,
జ్వరం దిగని పిల్లాడి వీపులా.
లాంగోష్ రొట్టెలా ఉబ్బిన బ్యాటరీని
ఇసుక బకెట్లో పెట్టి దూరం జరిగాను.

పిరోష్కా తిట్టలేదు.
గొట్టం పీకి నోట్లో పెట్టుకుని ఊదింది.
బుగ్గలు పొంగాయి, గాలి కదలలేదు.
గొంతులో వెలక్కాయ.
జడపిన్నుతో బెజ్జంలో కెలికితే
గోరంత దూది పింజ, తడిసి, బూడిద రంగులో.
నలభై వేల ఫోరింట్ల కంట్రోలర్‌
దానికే ఊపిరాడక పోయింది.

"పెద్ద ప్రొపెల్లర్ తప్పు కాదా?" అన్నాను.
"అదీ తప్పే," అంది. "ఆకలి పెంచావు, నీళ్ళు పెంచలేదు."
నాతో కాదు ఆ మాట.

ఆ పైన జోంబోర్ మూడు ఆదివారాలు రాలేదు.
వచ్చినప్పుడు నలభై ప్రొపెల్లరే ఉంది.
గట్టు మీద మోకాళ్ళూని, గొట్టం పళ్ళ మధ్య పెట్టి ఊదాడు,
చుక్కాని దగ్గర టప్పున ఒక చుక్క రాలింది.
చెరువు రుచికి మొహం చిట్లించి, ఉమ్మి,
పడవ వదిలాడు.

ఆరుగురిలో నాలుగోవాడు.
మూత తీసి మోటారు మీద వేలు పెట్టాడు.
మూడు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే చాలని
పిరోష్కా నేర్పిన కొలత.
వాడు ఏడు దాకా లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ,
వేలు తియ్యలేదు.

ఆమె అటు చూడనే లేదు.
అప్పటికే ఇంకెవరిదో ఎర్ర పడవ పక్కన
ఆమె చూపు అతుక్కుని ఉంది.
దారం సన్నబడుతోంది.

నేను తెడ్లు అందుకున్నాను.